ఫారంలో అబద్ధం రాయం, కమీషన్‌లో వాటా ఇవ్వం

జీవిత బీమా ఏజెంట్లకు, డెవలప్‌మెంట్ ఆఫీసర్లకు, బ్యాంకు కౌంటర్లలో బీమా అమ్మే ఉద్యోగులకు, పాలసీదారులందరికీ బందరు ఏజెంట్లం కొందరం చేస్తున్న విన్నపం

ఏజెంటు మిత్రులారా!

గిలకలదిండి నుంచి వేటకెళ్లే మనిషికి బీమా కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడుందో తెలియదు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గొలుసులు అతికే అమ్మాయికి బీమా చట్టంలో ఎన్ని సెక్షన్లున్నాయో తెలియదు. పెడనలో కలంకారీ అద్దకం మీద బతికే కుటుంబానికి బాండులో ఉన్న ఇంగ్లీషు అర్థం కాదు. వాళ్లకు తెలిసింది మనమే. "మన వీధి అబ్బాయి, మనకు అన్యాయం చేస్తాడా" అనుకుని, చూపించిన చోటల్లా సంతకం పెడతారు. కంపెనీని చూసి పెట్టే సంతకం కాదది, మన మొహం చూసి పెట్టేది. ఆ నమ్మకాన్ని మనలో కొందరు ఏం చేస్తున్నారో బయటికి చెప్పుకోవలసిన సమయం వచ్చింది. అందుకే ఈ కరపత్రం.

ముందు ప్రపోజల్ ఫారం సంగతి. సాయంత్రం ఏడింటికి ఒక ఇంటికి వెళ్తాం. వసారాలో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. ఫారం ఒళ్లో పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ, నామినీ, ఆధార్ నంబరు అడిగి రాసుకుంటాం. ఆరోగ్యం ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి అడగడం మానేస్తాం. గత ఐదేళ్లలో వారం రోజులకు మించి వైద్యం చేయించుకున్నారా? ఆస్పత్రిలో చేరారా? షుగరు, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నాయా? పొగ తాగుతారా, మందు తాగుతారా? ఆ గళ్లన్నిటిలో వరసగా "లేదు, లేదు, లేదు" అని మనమే నింపేస్తాం. టీ గ్లాసు పక్కనే షుగరు మాత్రల షీటు ఉంటుంది. సగం మాత్రలు వాడినట్టు కనబడుతూనే ఉంటుంది. ఆయన "నాకు షుగరుంది కదయ్యా, రాయాలేమో" అంటే, "రాస్తే మెడికల్ అంటారు, ఎక్స్‌ట్రా ప్రీమియం అంటారు, ఎందుకొచ్చిన గొడవ బాబాయ్ గారూ, నేను చూసుకుంటాగా" అని మాట దాటేస్తాం. ఆ తర్వాత ఏజెంటు కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ఈయన్ని నాకు చాలా ఏళ్లుగా తెలుసు, ఆరోగ్యంగా ఉన్నాడు అని మన సంతకం కూడా చేస్తాం.

ఆ మనిషి ఏడాదిన్నర తిరక్కుండానే గుండెపోటుతో పోయాడనుకోండి. పాలసీ ఇచ్చిన మూడేళ్లలోపు మరణం కాబట్టి కంపెనీ విచారణ వేస్తుంది. వచ్చినవాడు ఊళ్లో అడుగుతాడు, ఆస్పత్రి కేస్ షీటు తీస్తాడు, మందుల షాపు బిల్లులు చూస్తాడు. పాలసీ తీసుకోకముందు నుంచే షుగరు ఉందని తేలుతుంది. క్లెయిము ఇవ్వబోమని ఇంగ్లీషులో ఒక ఉత్తరం వస్తుంది. దాన్ని చేత్తో పట్టుకుని ఆయన భార్య మన దగ్గరికే వస్తుంది. "బాబూ, అది రాసింది నువ్వే కదా" అంటుంది. ఆ తల్లికి మన దగ్గర ఏం సమాధానం ఉంది?

చట్టం దగ్గర ఉన్న సమాధానం ఇంకా కఠినం. 1938 నాటి బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉంది. 2015 సవరణ తర్వాత, పాలసీ మొదలై మూడేళ్లు నిండాక ఏ కారణం చేతనైనా సరే కంపెనీ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. పాలసీదారుకు ఇది గొప్ప రక్షణ. కానీ ఆ మూడేళ్లలోపు, ముఖ్యమైన విషయం దాచారని కంపెనీ చూపించగలిగితే పాలసీ రద్దవుతుంది. మోసం కాదు, పొరపాటుగా రాశారని తేలితే కట్టిన ప్రీమియం వెనక్కి వస్తుంది. మోసమని తేలితే అదీ రాదు. "ఏజెంటే నింపాడు, నేను చదవకుండా సంతకం పెట్టాను" అంటే కోర్టులు ఒప్పుకుంటాయా? 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. భర్త అంతకుముందే ఇంకో కంపెనీలో పాలసీ తీసుకున్న విషయం ఫారంలో రాయలేదు. కొన్ని నెలలకే ఆయన చనిపోయాడు. ఫారం ఎవరు నింపినా సంతకం పెట్టినవాడే బాధ్యుడని కోర్టు తేల్చింది. కంపెనీ క్లెయిము తిరస్కరించడం సరైనదే అంది. మన చేతిరాతకు శిక్ష పడింది ఆ భార్యకు. ఇది మన వృత్తిలో ఉన్నవాళ్లు ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవలసిన తీర్పు.

షుగరు ఉన్నవాళ్లకు పాలసీ ఇవ్వరా అంటే, చాలామందికి ఇస్తారు. పరీక్షలు చేయిస్తారు, కొంచెం ఎక్కువ ప్రీమియం వేస్తారు, ఒక్కోసారి కొన్నాళ్లు ఆగమంటారు. ఆ ఎక్కువ ప్రీమియం కట్టిన ఇంటికి క్లెయిము నిక్కచ్చిగా వస్తుంది. తక్కువ ప్రీమియంతో పని జరిపించామని మనం మురిసిపోయిన ఇంటికి రాదు. కాబట్టి ఇకనుంచి ఆరోగ్యం ప్రశ్నలన్నీ తెలుగులో పైకి చదువుదాం. ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి చదువుదాం, ఎందుకంటే మాత్రల సంగతి ఎక్కువగా తెలిసింది వాళ్లకే. వేలిముద్ర వేసేవాళ్లకు, తెలుగులో సంతకం పెట్టేవాళ్లకు వివరించి చెప్పామని ఫారంలో వేరే ధ్రువీకరణ ఉంటుంది. నిజంగా వివరించాకే దాని కింద సంతకం పెట్టిద్దాం.

ఇక రిబేటు. దీని గురించి మాట్లాడితే మన వాళ్లలోనే చాలామంది మొహం పక్కకు తిప్పుకుంటారని తెలుసు. అయినా మాట్లాడాలి. "మొదటి ప్రీమియంలో సగం నేను వేసుకుంటా", "ఫలానా ఏజెంటు పదివేలు ఇస్తానన్నాడు, మీరెంతిస్తారు?" ఈ బేరం ఇప్పుడు కూరగాయల కొట్టు దగ్గర బేరంలా అయిపోయింది. బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం కమీషన్‌లో వాటా ఇవ్వడం నేరం, పుచ్చుకోవడం కూడా నేరం. ఒకప్పుడు జరిమానా 500 రూపాయలుండేది, 2015 సవరణ దాన్ని పది లక్షల దాకా పెంచింది. ఈ సెక్షన్‌ను ప్రతి ప్రపోజల్ ఫారం మీద అచ్చువేస్తారు. అంటే వాటా ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ, ఇది నేరమని రాసి ఉన్న కాగితం మీదే ఎదురెదురుగా కూర్చుని సంతకాలు పెట్టుకుంటున్నారన్నమాట.

నేరం అన్న మాట పక్కన పెట్టి లెక్క చూడండి. ఏడాదికి 60,000 ప్రీమియం పాలసీ మీద మొదటి ఏడు పాతిక శాతం లెక్కన 15,000 వస్తే, అందులో 7,500 పాలసీదారుకు ఇచ్చేశాం. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం మొత్తం 15,000 మన పేరనే ఉంటుంది. పెట్రోలు, ఫోను, ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు పోగా మిగిలేదేమిటి? మిగలదు కాబట్టి ఏం చేస్తాం? ఆ ఇంటికి అవసరమైన పాలసీ కాకుండా ఎక్కువ ప్రీమియం పడే పాలసీ అంటగడతాం. ఆటో నడిపే మనిషికి ఏడాదికి ఇరవై వేల ఎండోమెంట్ వేసి నాలుగైదు లక్షల రక్షణ చూపిస్తాం. అంతకంటే తక్కువ డబ్బుతో టర్మ్ పాలసీలో దానికి పదింతల రక్షణ దొరుకుతుందని చెప్పం. మొదటి ప్రీమియం సగం ధరకు దొరికినవాడికి రెండో ప్రీమియం భారంగా తోస్తుంది. కట్టడు, పాలసీ లాప్స్ అవుతుంది. మన రెన్యూవల్ కమీషన్ పోయింది, వాళ్ల రక్షణ పోయింది, కట్టిన డబ్బులో పెద్ద భాగం పోయింది. వాటా ఇవ్వని నిజాయితీపరుడైన కుర్రాడు ఏజెన్సీ తీసుకున్న ఏడాదికే మానేసి వేరే పని వెతుక్కుంటున్నాడు. ఈ వృత్తిలోకి మంచివాళ్లు రాకుండా చేస్తున్నది మనమే.

మన కమీషన్ దాచిపెట్టుకోవలసిన సంగతి కాదు. ఎంతొస్తుందని కస్టమర్ అడిగితే చెప్పాలని ఏజెంట్ల నియామకంపై 2016లో వచ్చిన నిబంధనలే చెబుతున్నాయి. తలెత్తుకుని చెబుదాం. "ఇంతొస్తుందండీ, దీనికి బదులుగా ఇరవై ఏళ్లు మీ పాలసీ బాగోగులు చూస్తాను, ఏదైనా జరిగితే క్లెయిము ఇప్పించే దాకా మీ ఇంటికి తిరుగుతాను" అని చెప్పగలిగిన ఏజెంటును వాటా అడిగేవాళ్లు తక్కువ.

అబద్ధపు వాగ్దానాల గురించి రాయాలంటే ఈ కాగితం చాలదు. "ఐదేళ్లు కడితే చాలు, తర్వాత కట్టక్కర్లేదు." "బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ." "డబ్బు రెట్టింపు." బోనస్ అనేది కంపెనీ ఏటా లెక్కలు చూసుకుని ప్రకటించేది. ముందే ఖాయమని చెప్పడానికి ఎవరికీ వీల్లేదు. అందుకే బెనిఫిట్ ఇలస్ట్రేషన్ కాగితంలో 4 శాతం, 8 శాతం అని రెండు ఊహలు పక్కపక్కన చూపిస్తారు. వాటిలో మనం 8 శాతం గడి మీద వేలు పెట్టి 4 శాతం గడిని అరచేత్తో మూసేస్తున్నాం. ఏటా 50,000 చొప్పున పదిహేనేళ్లు కడితే 7,50,000 అవుతుంది. చివర్లో 12 లక్షలు వస్తే, దగ్గర దగ్గర రెట్టింపు అని చెబుతాం. ఏడాది వారీగా లెక్కగడితే అది ఆరు శాతం లోపే. అది తప్పుడు పాలసీ అని అనడం లేదు. దానిలో రక్షణ ఉంది, క్రమంగా దాచే అలవాటు ఉంది, ఇష్టపడి తీసుకునేవాళ్లున్నారు. ఆరు శాతాన్ని ఆరు శాతమని చెప్పి అమ్మమంటున్నాం, అంతే.

బ్యాంకు కౌంటర్లలో పనిచేసే మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. పొలం అమ్మిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడానికి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయన చేత, పదేళ్లపాటు ఏటా రెండు లక్షలు కట్టాల్సిన పాలసీ మీద సంతకం పెట్టించడం అమ్మకం కాదు. రెండో ఏడు ఆయన దగ్గర కట్టడానికి డబ్బుండదు. ఒక్కసారి కడితే చాలనుకున్నాడు కాబట్టి కట్టాలని తెలియను కూడా తెలియదు. లోను కావాలంటే పాలసీ తీసుకోవాల్సిందే అనడం నిబంధనలకు పూర్తిగా విరుద్ధం. బంగారం తాకట్టు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లకు, పంట రుణానికి వచ్చిన రైతులకు అలా చెప్పడం ఇకనైనా ఆపండి. పై ఆఫీసు నుంచి ఒత్తిడి ఉంటుందని మాకు తెలుసు. ఆ ఒత్తిడి గురించి యాజమాన్యంతో పోట్లాడితే మీ పక్కన మేం నిలబడతాం.

రోజు కూలీ ఇంటికి వెళ్లినప్పుడు మొదట చెప్పవలసింది మన పాలసీ గురించి కాదు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కింద రెండు లక్షలు, 20 రూపాయలతో సురక్షా బీమా కింద ప్రమాదానికి రెండు లక్షలు. 2015 నుంచి ఉన్న పథకాలివి. జీవన్ జ్యోతిలో చేరడానికి వయసు 18 నుంచి 50. మనకు ఇందులో పైసా రాదు. అయినా చెబుదాం. పక్క రాష్ట్రం తెలంగాణలో 2018 ఆగస్టు 15న రైతుబీమా మొదలైంది. రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి పది రోజుల్లో ఐదు లక్షలు అందేలా పథకం పెట్టారు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. ఆ డబ్బు అందిన ఇళ్లలో పిల్లల చదువులు ఆగలేదు. బీమా విలువ ఏమిటో ఆ ఇళ్లను చూసి జనం తెలుసుకున్నారు. మనం ఎన్ని మాటలు చెప్పినా రాని నమ్మకం అది.

ప్రీమియం డబ్బు చేతికి తీసుకునే అలవాటు గురించి. "మీరే కట్టేయండి, నాకు ఆఫీసు దాకా వచ్చే తీరిక లేదు" అని వాళ్లంటారు, మనం జేబులో పెట్టుకుంటాం. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ఏజెంటు ప్రీమియం వసూలు చేస్తే సెలవులు మినహా 24 గంటల్లోగా కంపెనీకి చేర్చాలి. అసలు ప్రీమియం కంపెనీకి చేరేదాకా రిస్క్ మొదలే కాదు. 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక ఎల్ఐసీ కేసు వినండి. ప్రీమియం గడువు దాటిపోయింది. పాలసీదారు జూన్‌లో ఏజెంటుకు బేరర్ చెక్కు ఇచ్చాడు. ఏజెంటు దాన్ని మార్చుకున్నాడు గానీ కట్టలేదు. ఆగస్టులో పాలసీదారు ప్రమాదంలో చనిపోయాడు. ఏజెంటు ఆ మరునాడు వెళ్లి డబ్బు కట్టాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఏజెంటుకు లేదు కాబట్టి ఆయన చేతికిస్తే సంస్థకు ఇచ్చినట్టు కాదని కోర్టు తేల్చింది. ఒక కుటుంబం నాలుగు పాలసీల డబ్బు పోగొట్టుకుంది. ఇప్పుడు ప్రతి ఫోనులో యూపీఐ ఉంది, బ్రాంచి కౌంటరుంది, వసూలుకు సంస్థే అనుమతిచ్చిన కేంద్రాలున్నాయి. మన జేబు అవసరం లేదు. కట్టిన వెంటనే రసీదు పాలసీదారు ఫోనుకు వెళ్లిందో లేదో చూసుకుని లేద్దాం. జీఎస్టీ పేరుతో అదనంగా అడిగేవాళ్లు కూడా ఉన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు.

పాతది సరెండర్ చేయించి కొత్తది రాయించడం ఇంకో పాపం. పాత పాలసీ తీసుకున్నప్పుడు వయసు తక్కువ, ప్రీమియం తక్కువ, మూడేళ్ల గడువు కూడా దాటిపోయి ఉంటుంది. కొత్తదానిలో వయసు పెరిగింది, ప్రీమియం పెరిగింది, మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొచ్చింది. లాభపడింది మొదటి ఏడు కమీషన్ తీసుకున్న మనమే. ఏజెంటు ప్రవర్తనా నియమావళి దీన్ని నిషేధించింది. ఏజెన్సీ కోడ్ ఒకరి పేరున, అమ్మేది ఇంకొకరు అనే బినామీ ఏజెన్సీ కూడా ఈ కోవలోదే. ఇరవై ఐదు గంటల శిక్షణ, పరీక్ష పెట్టింది సంతకం చేసేవాళ్లకు మాత్రమే కాదు, ఇంటికి వెళ్లి మాట్లాడేవాళ్లకు కూడా.

బందరు వాళ్లం కాబట్టి ఒక సంగతి గుర్తు చేస్తాం. పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఈ ఊళ్లోనే ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. మన జిల్లా జనం డబ్బు మన జనానికే అండగా ఉండాలన్నది ఆనాటి ఆలోచన. ఆ తర్వాతి కాలంలో దేశంలో కొన్ని బీమా కంపెనీల యజమానులు పాలసీదారుల డబ్బును సొంత వ్యాపారాలకు వాడుకున్నారు. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ పార్లమెంటులో ఆ బాగోతం బయటపెట్టాడు. 1956లో 245 కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలను కలిపి జాతీయం చేశారు. సెప్టెంబరు 1న ఎల్ఐసీ పుట్టింది. బీమా వ్యాపారం మీద జనం నమ్మకం పోతే ఏమవుతుందో ఈ దేశం చూసింది. మన తరంలో అగ్రిగోల్డ్ డిపాజిట్ల సంస్థను చూశాం. అది బీమా కాదు, కానీ ఊరూరా డబ్బు కట్టించింది మనలాంటి ఏజెంట్లే. సంస్థ కూలిపోయాక జనం యజమానుల ఇళ్లకు వెళ్లలేకపోయారు, పక్కింటి ఏజెంటు గుమ్మం ముందు కూర్చున్నారు. తమవాళ్లకు మొహం చూపించలేక ఊరు విడిచిన ఏజెంట్లున్నారు. మాట తప్పిన చోట చివరికి దొరికేది ఏజెంటే.

డెవలప్‌మెంట్ ఆఫీసర్లకు, బ్రాంచి మేనేజర్లకు మా డిమాండు ఇది. మార్చి నెలలో "ఎలాగోలా పూర్తి చెయ్" అన్న మాట మీ నోట రాకూడదు. ఎలాగోలా అంటే ఏమిటో మీకూ తెలుసు, మాకూ తెలుసు. కాంపిటీషన్లలో, క్లబ్ మెంబర్‌షిప్పుల్లో కొత్త పాలసీల సంఖ్యకు ఇచ్చే విలువ, ఐదేళ్ల తర్వాత కూడా నడుస్తున్న పాలసీలకు ఇవ్వండి. క్లెయిము తిరస్కరించిన ప్రతి ఫైలు మీద ఆ ఏజెంటును పిలిచి ఫారం ఎలా నింపావని అడగండి. రిబేటు ఇచ్చే ఏజెంటు బ్రాంచిలో ఎవరో అందరికీ తెలుసు. అలాంటివాళ్లకు సన్మానాల్లో శాలువాలు కప్పుతుంటే నిజాయితీగా పనిచేసే వాళ్లు ఏమనుకోవాలి?

పాలసీదారులారా, మీకూ కొన్ని మాటలు. మమ్మల్ని అడగండి. మొహమాటపడకండి. "ఎన్నేళ్లు కట్టాలి? మధ్యలో ఆపితే ఎంతొస్తుంది? నేను రేపే పోతే ఇంట్లోవాళ్లకు ఎంతొస్తుంది?" ఈ మూడూ అడిగి, జవాబులు మా చేత కాగితం మీద రాయించుకోండి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకండి. బాండు చేతికొచ్చాక ముప్పై రోజుల గడువు ఉంటుంది. చెప్పినట్టు లేకపోతే ఆ లోపు వెనక్కి ఇచ్చేయవచ్చు. కొన్ని రోజుల రిస్క్ ప్రీమియం, వైద్య పరీక్ష ఖర్చు, స్టాంపు ఖర్చు తప్ప మిగతా డబ్బు వాపసు వస్తుంది. బాండుతో పాటు ముఖ్యాంశాలు రాసిన సమాచార పత్రం ఇస్తారు, తెలుగులో కావాలని అడగండి. బోనస్ పెండింగులో ఉందని, పాత పాలసీ డబ్బు విడుదల చేయిస్తామని ఫోన్లో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసం. హైదరాబాద్‌లో ఉన్న నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఎవరికీ ఫోన్ చేసి పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు.

మీకు అన్యాయం జరిగితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపు వెళ్లవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు. ఐఆర్‌డీఏఐ ఉచిత నంబరు 155255కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. ఆ ఫిర్యాదు మా మీదే అయినా సరే, రాయడం రాకపోతే మేం రాసిపెడతాం.

ఏజెంటు మిత్రులారా! ఏటా సెప్టెంబరు 1 నుంచి 7 దాకా బీమా వారోత్సవం జరుపుకుంటాం. ఫ్లెక్సీలు కడతాం, ర్యాలీ తీస్తాం. ఈసారి ఆ వారం కొత్త పాలసీ ఒక్కటీ అడగకుండా పాత పాలసీదారుల ఇళ్లకు వెళ్దాం. డైరీ తీసి ఒక్కో పేరు చూద్దాం. పెళ్లయ్యాక కూడా నామినీగా తండ్రి పేరే ఉండిపోయిన కుర్రాళ్లుంటారు. నామినీ మైనరైతే, వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు రాయని బాండ్లుంటాయి. బ్యాంకు ఖాతా నమోదు కానివి ఉంటాయి. లాప్స్ అయినవాటిని మామూలు పాలసీల్లో ఐదేళ్లలోపు మళ్లీ నిలబెట్టుకోవచ్చు, ఆ సంగతి చెప్పేవాళ్లు లేక వదిలేసినవాళ్లుంటారు. షుగరు దాచి రాసిన ఫారాలు కొన్ని మన చేతుల మీదుగానే వెళ్లాయని తెలిస్తే, మూడేళ్లు గడిచిపోనీలే అని కూర్చోవద్దు. ఆ మనిషితో కలిసి బ్రాంచికి వెళ్లి ఉన్న నిజం రాతపూర్వకంగా చెబుదాం. ఎక్కువ ప్రీమియం పడితే పడుతుంది.

ఈ కరపత్రం చదివిన ప్రతి ఏజెంటూ తన బ్రాంచిలో ఇంకో పదిమందికి చూపించండి. డెవలప్‌మెంట్ ఆఫీసరు గారి బల్ల మీద ఒకటి పెట్టండి. రేపు మీరు వెళ్లే మొదటి ఇంట్లో ఆరోగ్యం ప్రశ్నలను పైకి చదవడంతో మొదలుపెట్టండి. ఎవరైనా కమీషన్‌లో వాటా అడిగితే "ఇవ్వను" అని చెప్పండి. ఆ పాలసీ పోతే పోనివ్వండి.

ఇట్లు
బందరు జీవిత బీమా ఏజెంట్లు కొందరు